ఆఖరి గజానికి ఉపవాసం

ఆశీర్వాదం జ్ఞాపకార్థ కూడికలో డాక్టర్ రామమోహన్ గారు మైకు పట్టుకుని, "మన బిడ్డను ఆట తీసుకుపోయింది, ప్రభువు చిత్తం" అన్నప్పుడు నేను లేచి బయటికి వచ్చేశాను. అది ఎనభై ఎనిమిది మార్చి నెల. జెర్సీ సిటీలో చలి ఇంకా వదల్లేదు. కోటు లోపల కుర్చీ మీదే ఉండిపోయింది. మెట్ల మీద వణుకుతూ నిలబడ్డాను గాని మళ్ళీ లోపలికి వెళ్ళబుద్ధి కాలేదు. ఆట తీసుకుపోయిందట. ఎంత తేలిగ్గా అనేశాడు మహానుభావుడు. ఆట మీదికి తోసేస్తే ఇంక ఎవరూ ఎవరి మొహమూ చూడకుండా తప్పించుకు తిరగక్కర్లేదు. నోరు మూసుకోవడం నాకు చేతకాదని మా తెలుగు క్రైస్తవ సహవాసంలో అందరికీ తెలుసు, అందుకే నన్ను మాట్లాడమని పిలవలేదు. పిలవకపోతే మానె, ఇక్కడ చెబుతాను.

నా పేరు నవోమి. ఆశీర్వాదం వాళ్ళమ్మ మణి, నేనూ గుంటూరులో ఒకే నర్సింగ్ స్కూల్లో చదివాం. ఒకే ఏడాది అమెరికా వచ్చాం. జెర్సీ సిటీలో ఒకే ఆస్పత్రిలో, చాలాకాలం ఒకే వార్డులో పనిచేశాం. తను కాస్త కుదురుకున్నాక భర్తనీ, ఆరేళ్ళ కొడుకునీ పిలిపించుకుంది. నాకు పిలిపించుకోవడానికి ఎవరూ లేరు. మణికి డ్యూటీ ఉన్న రోజుల్లో వాడు బడి నుంచి తిన్నగా మా ఇంటికే వచ్చేవాడు. పుస్తకాల సంచీ అయినా దించకుండా గిన్నెల మూతలు తీసి చూసేవాడు. వాణ్ణి నేను కనలేదన్న మాటేగాని, పెంచడంలో నా వాటా నాకుంది.

వాడి పూర్తి పేరు దైవాశీర్వాదం. అమెరికన్ టీచర్లు మొదటి అక్షరం దగ్గరే అలిసిపోయి డేవ్ అని పెట్టుకున్నారు. మాకు మాత్రం ఆశీ. వాడి తిండి మా సహవాసంలో పెద్ద ముచ్చట. ఆదివారం మధ్యాహ్నాలు ఒక లూథరన్ చర్చి బేస్‌మెంట్ అద్దెకు తీసుకుని మేము తెలుగు ఆరాధన చేసుకునేవాళ్ళం. నెలకోసారి ప్రేమ విందు ఉండేది. అందరికంటే ముందు కూర్చునేవాడు వాడే, అందరికంటే చివర లేచేవాడూ వాడే. ఎవరి కూర ఆశీ రెండోసారి అడిగాడన్న దాని మీద ఆడవాళ్ళకి ఆ నెలంతా గొప్పలు నడిచేవి. పన్నెండేళ్ళు వచ్చేసరికి వాళ్ళ నాన్న చొక్కాలు వాడికి పట్టడం మానేశాయి. పద్నాలుగు వచ్చేసరికి మా గుమ్మంలో వాడు నిలబడితే వెనక ఎవరున్నారో కనబడేది కాదు. అంత మనిషీ పిల్లిపిల్లంత మెత్తన. పెద్దవాళ్ళు ఒకటి చెబితే రెండో మాట ఉండేది కాదు. అలా పెంచినందుకు మేమంతా మురిసిపోయాం, మా మొహాలు మండ.

వాళ్ళ నాన్న సామ్యూల్ అన్న. గుంటూరు పక్కన మిషన్ స్కూల్లో మాస్టారుగా చేసినవాడు. వీధిలో నడిచి వెళుతుంటే పంతులుగారూ అంటూ జనం లేచి నిలబడేవారు. ఇక్కడికి భార్య వీసా మీద వచ్చి, సబ్బుల ఫ్యాక్టరీ గోదాములో పెట్టెలు సర్దే పనిలో చేరాడు. తెలుగువాళ్ళు ఎక్కడ కలిసినా ఆయన్ని మణి గారి హస్బెండ్ అని పరిచయం చేసేవారు. వెనక్కి తిరగ్గానే నర్సు మొగుడు అనేవాళ్ళు. ఆదివారం ఒక్కటే ఆయనది. ఆ రోజు కోటు వేసుకుని సంఘ పెద్దగా ముందు నిలబడేవాడు. ఏం గొంతు ఆయనది. ఆయన ప్రార్థన మొదలుపెడితే డాక్టర్లు, ఇంజనీర్లు అందరూ తలలు వంచాల్సిందే. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం నాకు సులువుగా ఉండేది.

హైస్కూల్లో ఒక జిమ్ టీచరు ఆశీ భుజాలు చూసి ఫుట్‌బాల్‌లోకి లాగాడు. మన ఫుట్‌బాల్ కాదు, కోడిగుడ్డు ఆకారం బంతితో, తలకి డిప్పలు పెట్టుకుని వీళ్ళు ఆడేది. సామ్యూల్ అన్న మొదట్లో "గొర్రెపొట్టేళ్ళ ఆట" అని ఈసడించుకున్నాడు. డెబ్బై తొమ్మిదిలో పెన్సిల్వేనియాలో ఒక చిన్న కాలేజీ ఆట కోసమే వాణ్ణి చేర్చుకునేసరికి ఆయన మాట మారిపోయింది. ఆ కాలేజీ పేరు చెప్పను, చెప్పి వాళ్ళకి ప్రచారం చేసే ఓపిక నాకు లేదు. ఆశీకి మాత్రం ఆట పిచ్చేమీ లేదు. చదువయ్యాక వాళ్ళ నాన్నలాగే బళ్ళో టీచరు కావాలని ఉండేది. ఆ సంగతి ఎప్పుడు చెప్పినా కాస్త సిగ్గుపడుతూ చెప్పేవాడు.

ఆట గురించి నాకు తెలిసినంతలో చెబుతాను. బంతిని మోసుకుపోయి అవతలివాళ్ళ గీత దాటించాలి. అందుకు నాలుగు ప్రయత్నాలిస్తారు. గీత దూరంగా ఉంటే పరిగెత్తడానికీ విసరడానికీ చోటుంటుంది. దగ్గరికి వచ్చేశాక చోటుండదు. ఇటువాళ్ళూ అటువాళ్ళూ ఒక్క గుమ్మంలో ఇరుక్కున్నట్టు కుమ్ముకోవడమే. ఎవరు ఎవర్ని వెనక్కి నెడితే వాళ్ళదే పైచేయి. ఆశీది నెట్టే పని. దాన్ని ఎడమ గార్డ్ అంటారు. బంతి వాడి చేతికి ఎప్పుడూ రాదు. ఎదుటివాణ్ణి నెట్టి వాడు సందు చేస్తే, టోనీ అని వాడి రూమ్మేటు, ఆ కుర్రాడు బంతి పట్టుకుని సందులో దూరిపోయేవాడు. మొదటి మూడేళ్ళూ వాళ్ళకి గీత దగ్గర ఎదురులేదు.

చివరి ఏడాది, ఎనభై రెండు సెప్టెంబరులో, దశ తిరగబడింది. మొదటి ఆటలో గీతకి రెండు గజాల దూరంలో టోనీ చేతిలోంచి బంతి జారిపోయింది. రెండో ఆటలో ఒక్క గజం దగ్గర మరో కుర్రాడు కాలు మడతపడి కూలబడ్డాడు. మైదానమంతా బంతిని చక్కగా మోసుకొచ్చి అక్కడ ఆగిపోవడం. చేతికి అందింది నోటికి అందలేదంటారే, సరిగ్గా అదే. అందులో ఎవరి తప్పూ లేదు. ఇంకో రెండు వారాలు ఊరుకుంటే అదే సర్దుకునేది.

ఊరుకోనిస్తే కదా మనవాళ్ళు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, కాఫీల దగ్గర, డాక్టర్ రామమోహన్ గారు సామ్యూల్ అన్న భుజం మీద చెయ్యి వేశాడు. "ఏం మాస్టారూ, మీవాడి టీమ్ గుమ్మం దాకా వెళ్ళి, బెల్ కొట్టి, తలుపు తీసేలోగా పారిపోయి వచ్చేస్తోందట" అన్నాడు. అందరూ నవ్వారు. సామ్యూల్ అన్న కూడా నవ్వాడు. నవ్వుతూనే చెవులు ఎర్రబడిపోయాయని మణి తర్వాత నాతో చెప్పింది. నేను ఆ రోజు డ్యూటీలో ఉన్నాను.

కాఫీ కప్పు కింద పెట్టి సామ్యూల్ అన్న అందరినీ మళ్ళీ కూర్చోమన్నాడట. బంతి గీత దాటేదాకా సంఘమంతా ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థన చేయాలన్నాడు. తన ఇంటివాళ్ళు మాత్రం గురువారం రాత్రి భోజనం తర్వాత మళ్ళీ శనివారం ఆట ముగిసేదాకా ముద్ద ముట్టరని ప్రభువు ఎదుట మాటిచ్చాడు. శుక్రవారం ఉపవాసం మాకు కొత్తేమీ కాదు. గ్రీన్ కార్డు రాకపోతే ఉపవాసం, కడుపు పండకపోతే ఉపవాసం, నర్సింగ్ బోర్డు పరీక్ష తప్పితే ఉపవాసం. పరీక్ష రాసేవాడి కోసం పదిమంది పస్తుంటే పరీక్షకేమీ నష్టం లేదు. ఇక్కడ పరీక్ష రాసేవాడే పస్తుంటున్నాడు, వాడు రాయాల్సింది కలంతో కాదు, ఒంటితో. ఆ బేస్‌మెంట్‌లో డాక్టరేట్లున్నాయి, ఎం.డీ.లున్నాయి, ఒక్కరికీ అది తట్టలేదు.

సాయంత్రం ఆయన కాలేజీకి ఫోన్ చేసి కొడుక్కి చెప్పాడు. "నీకోసం ఇక్కడ ముసలమ్మలు కడుపులు మాడ్చుకుంటున్నారు. నువ్వు అక్కడ కూర్చుని మాంసం తింటే బాగుంటుందా నాన్నా?"

"బాగుండదు డాడీ" అన్నాడు ఆశీ.

అంతే, అక్కడితో అయిపోయింది. శుక్రవారం సాయంత్రం టీమంతా కలిసి భోజనం. శనివారం పొద్దున్నే స్టేక్ అని పెద్ద మాంసం ముక్క, గుడ్లు. వాడు ప్లేటు నింపుకుని కూర్చునేవాడట, కోచ్ అటు తిరగ్గానే టోనీ ఖాళీ ప్లేటుతో మార్చేసేవాడట. డేవ్‌కి ఆటకి ముందు కడుపులో తిప్పుతుందేమోననుకుని టోనీ హాయిగా రెండు ప్లేట్లూ లాగించాడు. వాడికేం తెలుసు పాపం. ఆట మొదట్లో ఆశీ బాగానే నెట్టేవాడు. చివరి భాగానికి వచ్చేసరికి కాళ్ళు తేలిపోయేవి. సరిగ్గా అప్పుడే గీత దగ్గరికి చేరేవాళ్ళు. కోచ్ అలవాటు ప్రకారం బంతిని ఆశీ వెనకనుంచే పంపేవాడు, వాడు ఎదుటివాళ్ళ కింద నలిగిపోయేవాడు. నాలుగు ప్రయత్నాలూ అక్కడే అయిపోయేవి. టీమ్ ఓడిపోయేది. ఆదివారం నాడు సంఘం సమావేశమై, మన ప్రార్థనలో తీవ్రత చాలలేదని తీర్మానించేది. ఆ ఇంటి ఉపవాసం గురువారం పొద్దుటికి ముందుకు జరిగింది. ఇంకో ఓటమి అయ్యాక బుధవారం రాత్రికి జరిగింది.

అటు ఆ కోచ్ ఒకడు. కుర్రాడు మెత్తబడ్డాడని, బద్ధకం వచ్చిందని వాడి లెక్క. మందు ఏం కనిపెట్టాడంటే, ప్రాక్టీసు అయ్యాక అందరినీ పంపేసి, ఆశీ చేత ఇనుప బండి నెట్టించేవాడు. బండి మీద తను ఎక్కి నిలబడి, నెట్టు నెట్టు అని అరిచేవాడు. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇంకెలా ఉంటుంది.

నాకు ఈ సంగతులేవీ అక్టోబరు దాకా తెలియవు. నా శుక్రవారం ఉపవాసం నేను చేసుకుంటున్నాను, అందరిలాగే సాయంత్రం ప్రార్థన అయ్యాక అన్నం తింటున్నాను. ఆ నెల ప్రేమ విందుకి ఆశీ వచ్చాడు. పేపర్ ప్లేటులో కాస్త అన్నం పెట్టుకుని మూలన నిలబడ్డాడు. నేను వంటగదిలోకి లాక్కెళ్ళాను. బెల్టుకి మేకుతో తనే పొడుచుకున్న కొత్త చిల్లులు కనబడ్డాయి.

"ఏరా, పెళ్ళిచూపులేమైనా ఉన్నాయా, డైటింగ్ చేస్తున్నావు?" అన్నాను.

"డైటింగ్ కాదు ఆంటీ, ఫాస్టింగ్. వెన్స్‌డే నైట్ నుంచి గేమ్ అయ్యేదాకా. వాటర్ తాగుతాను."

"ఎవడు చెప్పాడ్రా నీకు?"

"డాడీ ప్రామిస్ చేశాడు కదా. చర్చ్ మొత్తం ఫాస్ట్ చేస్తుంది. నేనే తింటే ఎలా?"

వాళ్ళు ఒక్క పూట మానేస్తున్నార్రా, నువ్వు సగం వారం మానేస్తున్నావు అన్నాను. వాడు భుజాలు ఎగరేశాడు. ఆటలో ఏమవుతోందని అడిగాను.

"ఫోర్త్ క్వార్టర్‌లో లెగ్స్ ఉండవు ఆంటీ. హెడ్ కిందకి వెళ్ళిపోతుంది. కోచ్ హెడ్ అప్, హెడ్ అప్ అంటాడు. ఐ ట్రై. నెక్ పైకి రాదు."

"కోచ్‌కి చెప్పలేకపోయావా?"

"చెప్తే మా డాడీ క్రేజీ అనుకుంటారు."

"అయితే చెప్పకు. గప్‌చుప్‌గా తినెయ్. ఎవరొచ్చి చూస్తారు?"

"నేను తిన్నాననుకో ఆంటీ. మళ్ళీ వన్ యార్డ్ దగ్గర ఆగిపోయామనుకో. అప్పుడు అది నా వల్లే కదా" అన్నాడు. ఇంత అన్నం కలిపి నోట్లో పెడితే రెండు ముద్దలు తిని, పస్తులకి అలవాటుపడిన కడుపు నిలుపుకోలేక బయటికి వెళ్ళి కక్కుకున్నాడు.

మణిని పట్టుకుని దులిపేశాను. తనూ నర్సే కదా, కన్నతల్లి కదా. మింగలేక కక్కలేక ఉంది మనిషి. "చెప్పాను నవోమీ. పెద్ద జీతం తెచ్చేది నువ్వు కాబట్టి దేవుణ్ణి కూడా నువ్వే నడుపుతావా అన్నారు. ఇంకేమనను?" అంది. సామ్యూల్ అన్న దగ్గరికి వెళ్ళాను. ఆయన కోప్పడలేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"అన్నయ్యా, బండి లాగే ఎద్దుకి ఎవరైనా గడ్డి మానిపిస్తారా?" అన్నాను.

"చెల్లెమ్మా, నేనూ తినడం లేదు. వాడు తిననంతసేపూ నేనూ తినను. మణీ తినదు."

"మీరు గోదాములో పెట్టెలు సర్దుతారు. మీ మీదికి ఎవరూ దూకరు."

ఆయన మొహం పాలిపోయింది. ఆ గోదాము మాట అనకుండా ఉండాల్సింది, కానీ నా నోరు అలాంటిది. "దేవుడి ఎదుట ఇచ్చిన మాట మధ్యలో తీసేసుకుంటే కీడు ఎవరికి తగులుతుంది చెల్లెమ్మా? నాకా? వాడికే కదా. నాకు భయంగా ఉంది" అన్నాడు. నిజంగానే భయపడుతున్నాడు. కొడుకు మీద ప్రేమతోనే వాణ్ణి మాడుస్తున్నాడు. అలాంటి మనిషితో ఏం దెబ్బలాడతాం.

కోచ్‌కి ఆస్పత్రి నుంచి ఫోన్ చేశాను. మీ ఎడమ గార్డ్ ఆకలితో ఆడుతున్నాడయ్యా అన్నాను. నా ఉచ్చారణ అర్థం కానట్టు రెండుసార్లు చెప్పించుకున్నాడు. తన టీమ్‌కి పెట్టినంత తిండి ఆ రాష్ట్రంలో ఎవరూ పెట్టరని, కుర్రాడికి లేనిది తిండి కాదు, పట్టుదల అని చెప్పి పెట్టేశాడు. తర్వాత వాణ్ణి పిలిచి అడిగాడట కూడా. నా ప్లేట్ ఎప్పుడూ ఎంప్టీయే కదా కోచ్ అన్నాడట ఆశీ. అది అబద్ధమూ కాదు.

ఆఖరి ఆట నవంబరులో, వాళ్ళ సొంత మైదానంలో. అప్పటికి ఒక్కటీ గెలవలేదు. గీత దగ్గర ఆగిపోయే టీమ్‌గా అక్కడి పేపర్లలో కూడా పడిపోయారు. సంఘమంతా వ్యాన్ మాట్లాడుకుని బయల్దేరింది, డాక్టరు గారు తన కార్లో వచ్చాడు. నేను తెల్లారకముందే లేచి కోడి పలావు చేసి క్యారేజీలో సర్దుకున్నాను. ఆ రోజు చివరి ఏడాది పిల్లల తల్లిదండ్రుల్ని ఆటకి ముందు పిలిచి, పిల్లలతో పాటు మైదానంలో నడిపిస్తారు. మణి చేతికి ఒక పువ్వు ఇచ్చారు. ఆ వంకన నేనూ వాళ్ళతో పాటు లాకర్ రూమ్ బయటికి చేరాను.

ఆశీ డిప్ప చేత్తో పట్టుకుని వచ్చాడు. బుగ్గలు లోపలికి పోయాయి. భుజాల మీద ఆ ఆటగాళ్ళు తొడుక్కునే దిమ్మలుంటాయి కాబట్టి దూరం నుంచి ఎప్పటిలాగే కనబడతాడు. దగ్గరికి వస్తే, లోపల మనిషి సగమే ఉన్నాడు. నేను క్యారేజీ మూత తీశాను. ఇంకా వేడిగానే ఉంది. వాడు నా మొహం చూడలేదు, గిన్నెలోకి చూశాడు. గుటక వేయడం నాకు కనబడింది. తర్వాత నాన్న వైపు తిరిగాడు.

"డాడీ?" అన్నాడు.

"అన్నయ్యా, మీ నోటితో వేసిన ముడి మీ నోటితోనే విప్పండి. తిను అనండి చాలు. ఇంకా గంట టైముంది" అన్నాను. మణి ఆయన కోటు చెయ్యి పట్టుకుంది. సామ్యూల్ అన్న కొడుకుని చూశాడు. దగ్గరగా చూసి ఎన్నాళ్ళైందో. పెదాలు కదిలాయి. అంటాడనే అనుకున్నాను. ఈ రోజుకీ అనుకుంటాను, ఇంకొక్క క్షణం ఆగి ఉంటే అనేవాడని.

అంతలో మా వాళ్ళంతా వచ్చేశారు. ముసలమ్మలు, పిల్లలు, కెమెరా మెడలో వేసుకుని డాక్టరు గారు. "ఇక్కడే ఉన్నారా, రండి, బిడ్డ చుట్టూ నిలబడి ప్రార్థన చేద్దాం. మాస్టారూ, మీరే చేయాలి" అన్నాడాయన. అందరూ చేతులు పట్టుకున్నారు. ఆఖరి ఆటని శనివారం కూడా పస్తుండి, పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళతో వచ్చిన ఆ ముసలమ్మలందరి ఎదుటా ఆయన ఇంకేమంటాడు. "ఇవాళ్టితో అయిపోతుంది నాన్నా, కాస్త ఓర్చుకో" అని మెల్లగా చెప్పి, కళ్ళు మూసుకుని ప్రార్థన ఎత్తుకున్నాడు. చాలాసేపు చేశాడు. ఆమెన్ అనేసరికి పలావు చల్లారిపోయింది.

ఆట గురించి ఎక్కువ చెప్పలేను. సన్నగా మంచుజల్లు పడుతోంది. మావాళ్ళు నాలుగు పాయింట్ల వెనక ఉన్నారు, గీత దాటితే ఆరు వస్తాయి, ఆట ముగిసిపోవస్తోంది. ఎలాగో బంతి గీతకి ఒక్క గజం దగ్గరికి చేరింది. మొదటి ప్రయత్నం ఆశీ వెనకనుంచే. ఆగిపోయింది. రెండోది, అక్కడే. మూడోది కూడా. ఒక్కోసారీ కుప్పలోంచి వాడు లేవడానికి పట్టే సమయం పెరుగుతోంది. మూడోసారి టోనీ చెయ్యిచ్చి లేపాడు. నేను బెంచీ మీద నిలబడి, వాణ్ణి తీసెయ్యండి, వాణ్ణి తీసెయ్యండి అని తెలుగులోనే అరుస్తున్నాను. పక్కన డాక్టరు గారు నాకేసి విచిత్రంగా చూశాడు.

నాలుగోసారి వాడు వంగి ఒక చెయ్యి నేలకి ఆనించాడు. తల వేలాడిపోయింది. హెడ్ అప్ అని కోచ్ అరిచిన అరుపు నాకు వినబడింది. వాడు ఎత్తడానికి ప్రయత్నించాడు. అంతలో బంతి కదిలింది. వాడు తల కిందికి పెట్టుకునే ముందుకి దూకాడు. అందరూ కుప్పగా పడ్డారు. చారల చొక్కా అంపైరు పరిగెత్తుకొచ్చి కుప్పలోకి తొంగిచూసి, గీత దాటిందని రెండు చేతులూ పైకెత్తాడు.

ఆ తర్వాత అంతా స్తోత్రమే. ముసలమ్మలు ఏడుస్తున్నారు, డాక్టరు గారు అందరినీ కౌగిలించుకుంటున్నాడు. సామ్యూల్ అన్న ఆ తడి సిమెంటు మీద మోకాళ్ళూని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. అంత సంతోషం ఆ మనిషి మొహంలో అమెరికా వచ్చాక నేను చూడలేదు. కింద కుప్పలోంచి ఒక్కొక్కరూ లేస్తున్నారు. అందరూ లేచాక ఆశీ మిగిలాడు. వాడి కాళ్ళు పడి ఉన్న తీరు చూడగానే నాకు తెలిసిపోయింది. ఎలాంటి కాళ్ళు అలా పడి ఉంటాయో నేను వార్డులో చూసినదాన్ని.

కంచె దాటి ఎలా వెళ్ళానో తెలియదు. వాణ్ణి కదపకండి, డిప్ప తియ్యకండి అని అరుస్తూ వాడి పక్కన పడ్డాను. కళ్ళు తెరిచే ఉన్నాడు. "ఆంటీ, ఎవరో ఇంకా నా మీదే ఉన్నారు. లేవమను" అన్నాడు. వాడి మీద ఎవరూ లేరు.

మెడ విరిగింది. ఆ ఆటలో తల దించి దూకితే ఎవరికైనా జరగొచ్చని ఆస్పత్రిలో చెప్పారు. కావచ్చు. నేను డాక్టర్ని కాదు. వాడు చివరిసారి ఎప్పుడు తిన్నాడని మాత్రం ఎవరూ అడగలేదు, నేను చెబితే తలూపి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఐదేళ్ళ పైన బతికాడు, జెర్సీ సిటీలో జర్నల్ స్క్వేర్ దగ్గర వాళ్ళ అపార్ట్‌మెంట్‌లోనే, కిటికీ పక్కన మంచం మీద. సామ్యూల్ అన్న పెద్దరికం వదిలేశాడు, ఫ్యాక్టరీ పనీ మానేశాడు. సంఘంవాళ్ళు మొదటి ఏడాది తరచూ వచ్చేవారు, తర్వాత పండగలకి వచ్చేవారు. టోనీ మాత్రం ఏటా వచ్చి వాడి మంచం పక్కన కూర్చుని, ఆ ప్లేట్ల సంగతి తలుచుకుని ఏడ్చేవాడు. చివరికి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి పోయాడు ఆశీ.

ఆ ఏళ్ళ గురించి ఇంకేమీ చెప్పను. ఆస్పత్రిలో మొదటి వారం జరిగింది ఒకటుంది, అది చెప్పి ఆపుతాను. అది చూసిన వాళ్ళం మణి, నేను, సామ్యూల్ అన్న, అంతే. అక్కడ మైకు లేదు.

నాలుగైదు రోజులు సెలైన్ మీదే ఉంచి, ఇంక నోటితో పెట్టొచ్చన్నారు. ట్రేలో సూప్ వచ్చింది. ఆశీ తల చుట్టూ ఇనుప చట్రం బిగించారు, కళ్ళు తప్ప ఏదీ తిరగదు. మణి చెంచాతో సూప్ తీసుకుని ఊది నోటి దగ్గర పెట్టింది. వాడు పెదాలు బిగించేశాడు. మింగడానికి నొప్పేమోనని మణి నావైపు చూసింది.

"డాడీ ఎక్కడ?" అన్నాడు వాడు.

సామ్యూల్ అన్న ఆ గదిలోనే, వాడి చూపుకి అందకుండా తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. అలా రోజూ అక్కడే నిలబడుతున్నాడు. నేను చెయ్యి పట్టుకుని మంచం దగ్గరికి తెచ్చాను. వాడి మొహం మీదికి వంగాడు.

"డాడీ, బాల్ దాటిందా? నాకు ఎవరూ చెప్పలేదు."

"దాటింది నాన్నా."

"అయితే అయిపోయిందా? ఇప్పుడు తినొచ్చా?"

సామ్యూల్ అన్న మణి చేతిలోంచి చెంచా తీసుకున్నాడు. అది నోటి దాకా చేరకముందే సూప్ అంతా దుప్పటి మీద పోయింది. ఆశీ నోరు తెరుచుకుని అలాగే ఉన్నాడు.